కూలింగ్ టవర్ ఫ్యాన్‌కు వీఎఫ్‌డీ: నెల్లూరు, ప్రకాశం ప్లాంట్లవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ముత్తుకూరు వైపు నూనె రిఫైనరీలు, తీరం వెంబడి రొయ్యల ప్లాంట్లు, ఐసు ఫ్యాక్టరీలు, ఒంగోలు దగ్గర గుండ్లాపల్లి గ్రోత్ సెంటర్లో యూనిట్లు. ఎక్కడికెళ్లినా కూలింగ్ టవర్ దగ్గర నిలబడి అడిగే ప్రశ్నలు మాత్రం ఇవే. ఎండాకాలం బిల్లు వచ్చిన వారంలో ఇంకా ఎక్కువ. అందుకే జవాబులు ఒకచోట చేర్చాం. వీఎఫ్‌డీ అంటే మోటారుకు వెళ్లే కరెంటు ఫ్రీక్వెన్సీని మార్చి దాని స్పీడును తగ్గించే, పెంచే పరికరం. కింద డ్రైవ్ అన్నదల్లా అదే. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా పోవచ్చు.

## పెట్టాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

ఫ్యాన్ స్పీడు కొంచెం తగ్గిస్తే కరెంటు అంత మిగులుతుందంటున్నారు, నిజమేనా?

నిజమే. ఫ్యాన్ తోసే గాలి స్పీడుతో సమానంగా తగ్గుతుంది, కానీ అది తీసుకునే పవర్ స్పీడు ఘనంలో తగ్గుతుంది. 90 శాతం స్పీడులో పవర్ 73 శాతం, 80 శాతంలో 51, 70 శాతంలో 34. సగం స్పీడుకు దిగితే ఎనిమిదో వంతు చాలు. డ్రైవ్ తనకోసం 2 నుంచి 4 శాతం దాకా తింటుంది, అది తీసేసి లెక్క వేసుకోవాలి. అయితే ఈ అంకెలన్నీ స్పీడు తగ్గించగలిగిన గంటలకే వర్తిస్తాయి. ఏడాదిలో అలాంటి గంటలు ఎన్ని అన్నదే అసలు ప్రశ్న. అమ్మేవాళ్లు ఎక్కువగా దాటేసేది కూడా దాన్నే.

మా దగ్గర ఎండ 42 డిగ్రీలు దాటుతుంది. ఇక స్పీడు తగ్గించే అవకాశమెక్కడ?

టవర్‌కు మామూలు థర్మామీటర్ చూపే ఎండతో పనిలేదు. దానికి కావలసింది వెట్ బల్బ్ ఉష్ణోగ్రత, అంటే థర్మామీటర్ బల్బుకు తడిగుడ్డ చుట్టి గాలి తగలనిస్తే చూపే అంకె. టవర్ నీళ్లు ఎంత చల్లబడినా దాని కిందికి పోవు. మే నెలలో పడమటి వడగాలి కొడుతూ 42 డిగ్రీలు, తేమ 30 శాతం ఉన్నప్పుడు వెట్ బల్బ్ 27 నుంచి 27.5 మధ్య ఉంటుంది. అదే 32 డిగ్రీలే ఉండి, సముద్రపు గాలితో తేమ 80 శాతానికి చేరిన ఉక్కరోజు 29 దాకా పోతుంది. మనుషులు వడదెబ్బకు భయపడే రోజుకన్నా చొక్కా ఒంటికి అంటుకుపోయే రోజే టవర్‌కు కష్టం. జనవరి తెల్లవారుజామున 20 డిగ్రీలున్నప్పుడు వెట్ బల్బ్ 18 చుట్టూ ఉంటుంది. మీకు మిగులు అక్కడ పుడుతుంది: చలికాలం రాత్రులు, పొడిగాలి రోజులు, ప్లాంటు సగం లోడు మీద నడిచే గంటలు. తీరానికి దూరంగా ప్రకాశం పడమటి మండలాల్లో గాలి పొడిగా ఉండే రోజులు ఎక్కువ కాబట్టి అవకాశం ఇంకొంచెం పెరుగుతుంది.

మాది రొయ్యల ప్లాంటు, అమ్మోనియా కంప్రెసర్లు. మాకూ ఇంతే మిగులుతుందా?

ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఫ్యాన్ బిల్లు తగ్గించబోయి కంప్రెసర్ బిల్లు పెంచుకున్న ప్లాంట్లు ఉన్నాయి. కండెన్సర్‌కు వెళ్లే నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కితే కంప్రెసర్ పవర్ సుమారు 2 నుంచి 3 శాతం పెరుగుతుంది. 150 కిలోవాట్లు లాగే కంప్రెసర్లు, 10 కిలోవాట్లు లాగే టవర్ ఫ్యాన్ ఉన్నాయనుకోండి. చలికాలం రాత్రి టవర్ 26 డిగ్రీల నీళ్లు ఇవ్వగలిగినా, సెట్‌పాయింట్ (నీళ్లు ఎంత ఉష్ణోగ్రతలో ఉండాలని మనం పెట్టే అంకె) 32 దగ్గర పెట్టి ఫ్యాన్‌ను నెమ్మది చేశారు. 6 డిగ్రీలకు కంప్రెసర్ మీద 12 నుంచి 18 శాతం, అంటే 18 నుంచి 27 కిలోవాట్లు అదనం. ఫ్యాన్‌ను పూర్తిగా ఆపేసినా మిగిలేది 10.

అలాగని మీకు డ్రైవ్ దండగ అనడం లేదు. కండెన్సర్ ప్రెషర్ ఒక హద్దు కిందికి పోకూడదు. మరీ పడిపోతే ఎక్స్‌పాన్షన్ వాల్వులకు లిక్విడ్ సరిగా అందదు, వేడి గ్యాసుతో డీఫ్రాస్ట్ చేసేచోట అదీ కుంటుపడుతుంది. ఆ హద్దు తాకాక ఇంకా చల్లబరచడం వృథా, అక్కడి నుంచి ఫ్యాన్ తగ్గించిందంతా మిగులే. ఫ్రీజింగ్ ఆగి స్టోరేజీ ఒక్కటే నడిచే గంటల్లోనూ బాగా పనికొస్తుంది. ఎవాపరేటివ్ కండెన్సర్ (గ్యాసు పైపుల మీదే నీళ్లు చల్లి ఫ్యాన్ గాలి తోలేది) అయితే నీళ్ల ఉష్ణోగ్రతకు బదులు డిశ్చార్జ్ ప్రెషర్ చూసి ఫ్యాన్‌ను నడపాలి.

మరి ఎక్కువ లాభం ఎవరికి?

నీళ్లు ఫలానా ఉష్ణోగ్రతలో ఉంటే చాలు, ఇంకా చల్లగా ఉన్నందువల్ల ఒరిగేదేమీ లేదు అనే ప్రాసెస్ ఉన్నవాళ్లకు. ఎయిర్ కంప్రెసర్ కూలింగ్, హైడ్రాలిక్ ఆయిల్ కూలర్లు, జాకెట్ కూలింగ్ లాంటివి. నూనె రిఫైనరీలో ఒకే టవర్ నుంచి రెండు రకాల వాడకం ఉంటుంది. ఆయిల్ కూలర్లకు కొంచెం వేడి నీళ్లయినా నడుస్తుంది, డీఓడరైజర్ (నూనె వాసన తీసే యంత్రం) వాక్యూమ్ సిస్టమ్ కండెన్సర్‌కు మాత్రం చల్లని నీళ్లు ఉంటేనే వాక్యూమ్ పుట్టించే ఎజెక్టర్‌కు పట్టే స్టీమ్ తగ్గుతుంది. అలాంటిచోట స్టీమ్ ఖర్చు కూడా లెక్కలోకి తీసుకోకుండా సెట్‌పాయింట్ నిర్ణయించకూడదు.

ఇప్పుడు థర్మోస్టాట్ మీద ఫ్యాన్ దానంతటదే ఆగి తిరుగుతోంది. మళ్లీ డ్రైవ్ ఎందుకు?

ఆన్-ఆఫ్‌లో మిగులు ఫ్యాన్ ఆగిన సమయమంతే, ఘనం లెక్క పనిచేయదు. సగటున 80 శాతం గాలి చాలనుకుంటే ఫ్యాన్ సుమారు 80 శాతం సమయం ఫుల్‌గా తిరగాలి, కరెంటూ దాదాపు 80 శాతం కాలుతుంది. డ్రైవ్ మీద అదే గాలికి 51 శాతం చాలు. పైగా ప్రతి స్టార్టుకూ మోటారు తన రేటింగ్‌కు ఆరేడు రెట్ల కరెంటు లాగుతుంది, బెల్టులు, కప్లింగులు దెబ్బతింటాయి. కానీ మీ పొదుపు లెక్క మొదలవ్వాల్సింది ఆ 80 నుంచి, 100 నుంచి కాదు. కొటేషన్‌తో పాటు వచ్చే లెక్కల కాగితంలో చాలావరకు 100 నుంచే మొదలుపెడతారు, గమనించండి.

లెక్క ఒకటి వేసి చూపించండి.

22 కిలోవాట్ల మోటారు, ఫుల్ స్పీడులో నిజంగా లాగేది 18 కిలోవాట్లు, ఏడాదికి 8,000 గంటలు, ఇప్పటిదాకా ఆపకుండా ఫుల్‌గా నడిచింది అనుకుందాం. పాత వాడకం 1,44,000 యూనిట్లు. డ్రైవ్ పెట్టాక 2,000 గంటలు ఫుల్‌గా, 3,500 గంటలు 80 శాతంలో, 2,500 గంటలు 65 శాతంలో తిరిగితే 36,000, 32,256, సుమారు 12,360 యూనిట్లు. మొత్తం 80,600 పైచిలుకు. డ్రైవ్ నష్టం 4 శాతం కలిపితే 84,000 దగ్గర. మిగులు 60,000 యూనిట్లు. యూనిట్ అన్నీ కలుపుకొని 7 రూపాయలు పడుతుందనుకుంటే 4,20,000 రూపాయలు. డ్రైవ్, ప్యానెల్, చోక్, కేబుల్, సెన్సర్, బిగింపు కూలీ అన్నీ ఉన్న కొటేషన్‌ను దీంతో భాగిస్తే ఎన్నాళ్లకు డబ్బు తిరిగొస్తుందో తెలుస్తుంది. గంటల పంపకం మాత్రం నేను ఊహించింది, మీ లాగ్‌బుక్ చూసి మీరే నింపుకోవాలి. సగటు స్పీడు ఒకటి పట్టుకుని దాని ఘనం తీయొద్దు, తప్పు వస్తుంది.

మా టవర్ ఎప్పుడూ ఫుల్‌గానే తిరుగుతుంది, అయినా నీళ్లు చల్లబడవు. డ్రైవ్ పెడితే బాగుపడుతుందా?

బాగుపడదు. ఏడాదంతా ఫుల్ స్పీడులో నడవాల్సిన ఫ్యాన్‌కు డ్రైవ్ పెడితే నష్టమే, అది తినే 2–4 శాతం అదనం. ముందు ఫిల్స్ (నీళ్లు పలచగా పరుచుకుని జారే టవర్ లోపలి పొరలు) మూసుకుపోయాయా, నాజిల్స్ రాలిపోయి ఒకచోటే నీళ్లు కారుతున్నాయా, బ్లేడ్ యాంగిల్ సరిగా ఉందా చూడండి.

మాది 3 హెచ్‌పీ చిన్న టవర్.

థర్మోస్టాట్ పెట్టుకోండి, చాలు. 3 హెచ్‌పీ అంటే 2.2 కిలోవాట్లు. అందులో ఎంత మిగిలినా, డ్రైవ్‌ను ఉప్పుగాలి నుంచి కాపాడుకునే ఖర్చుకు సరిపోతుంది. అలాంటి టవర్లు నాలుగైదు పక్కపక్కనే ఉంటే ఒకే డ్రైవ్ మీద అన్నిటినీ కలిపి నడపొచ్చు. ప్రతి మోటారుకూ విడిగా ఓవర్‌లోడ్ రిలే ఉండాలి.

డ్రైవ్ ముందా, ఎఫ్‌ఆర్‌పీ (ఫైబర్ కలిపిన ప్లాస్టిక్) బ్లేడ్లు ముందా?

పాత అల్యూమినియం బ్లేడ్లయితే బ్లేడ్లే ముందు. బోలుగా, ఏరోఫాయిల్ ఆకారంలో వచ్చే ఎఫ్‌ఆర్‌పీ బ్లేడ్లతో తయారీదారులు 20 నుంచి 30 శాతం మిగులు చెబుతారు, అదీ ఎండాకాలంతో సహా ప్రతి గంటా మిగిలేది. బ్లేడ్లు మార్చాక మోటారు లాగే కరెంటు తగ్గుతుంది కనుక డ్రైవ్ సైజు కూడా అప్పుడు తేల్చుకోవడం మేలు.

## కొని బిగించేటప్పుడు

మోటారు పాతది, రెండుసార్లు వైండింగ్ చేయించాం. దానికే డ్రైవ్ తగిలించొచ్చా?

మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటర్) వేసి ఇన్సులేషన్ చూడకుండా వద్దు. డ్రైవ్ నుంచి వచ్చేది నున్నని వేవ్ కాదు, పల్సులు. అవి వైండింగ్ మొదటి చుట్ల మీద ఒత్తిడి పెడతాయి. ఆరోగ్యంగా ఉన్న మామూలు మోటారు ఫ్యాన్ పనికి చాలావరకు తట్టుకుంటుంది, ఎందుకంటే స్పీడుతో పాటే లోడూ తగ్గుతుంది, తక్కువ స్పీడులో మరీ వేడెక్కదు. మళ్లీ కాలిపోతే అప్పుడు డ్రైవ్ పల్సులు తట్టుకునేలా చేసిన ఇన్వర్టర్ డ్యూటీ మోటారు తీసుకోండి. పెద్ద మోటార్లకు, 100 కిలోవాట్లు దాటినవాటికి, ఒకవైపు ఇన్సులేటెడ్ బేరింగ్ కూడా అడగాలి, లేకపోతే షాఫ్ట్ గుండా కరెంటు పోయి బేరింగ్ ట్రాక్ గీతలు పడుతుంది.

టవర్ నుంచి ప్యానెల్ రూము 80 మీటర్లు. కేబుల్ దూరం సమస్యా?

అవును. 30–50 మీటర్లు దాటితే పల్సులు మోటారు చివర కొట్టి వెనక్కి తిరిగి, వోల్టేజీ రెట్టింపు దాకా ఎగబాకొచ్చు. 80 మీటర్లకు డ్రైవ్ అవుట్‌పుట్‌లో పల్సుల వాడిని తగ్గించే డీవీ-డీటీ ఫిల్టర్ పెట్టించండి. షీల్డ్ ఉన్న కేబుల్ వాడి, షీల్డ్‌ను రెండువైపులా ఎర్త్ చేయండి. సెన్సర్ వైరును ఆ కేబుల్‌తో కలిపి ఒకే ట్రేలో లాగొద్దు.

దూరం తగ్గించడానికి డ్రైవ్‌ను టవర్ పక్కనే పెడితే?

కృష్ణపట్నం దగ్గర, కొత్తపట్నం తీరాన ఈ పని చేయబోకండి. టవర్ తుంపర, ఉప్పుగాలి కలిసి కార్డుల మీద పేరుకుంటాయి. తప్పదంటే దుమ్ము, నీళ్ల నుంచి కాపాడే ఐపీ 55 డ్రైవ్, కార్డులకు కన్ఫార్మల్ కోటింగ్ (తేమ తగలకుండా పూసే పొర) ఉన్నది అడగండి. చాలా డ్రైవ్‌లు 40 డిగ్రీల వరకే పూర్తి రేటింగ్ ఇస్తాయి, ఆ పైన డిగ్రీకి సుమారు ఒక శాతం కోత. రేకుల షెడ్డులో మే మధ్యాహ్నం 48 డిగ్రీలుంటే 8 శాతం పోయినట్టే, ఒక సైజు పెద్దది తీసుకోవాలి. కేబుల్ రంధ్రాలు గ్లాండ్ వేసి మూయండి. బల్లి దూరి బస్‌బార్ల మధ్య పడిందంటే డ్రైవ్ బూడిదే.

గేర్ బాక్స్ ఉంది. ఎంత తక్కువ స్పీడుకు దించొచ్చు?

మీ గేర్ బాక్స్‌లో పళ్ల చక్రమే ఆయిల్‌ను పైకి చిమ్ముతుంటే, మరీ నెమ్మదిగా తిరిగితే పై బేరింగులకు ఆయిల్ అందదు. తయారీదారు ఎంతని రాశాడో చూడండి, రాయకపోతే 40–50 శాతం కిందికి వద్దు. ఆయిల్ పంపు ఉన్నది అయితే ఇంకా దించొచ్చు. బెల్ట్ డ్రైవ్, డైరెక్ట్ డ్రైవ్ ఫ్యాన్లకు 20 నుంచి 30 శాతం సరే. సగం కిందికి వెళ్లడం వల్ల అదనంగా మిగిలేది చాలా కొద్ది, దానికోసం గేర్ బాక్స్‌ను పణంగా పెట్టడం అనవసరం.

పాత స్టార్టర్ తీసేయాలా?

ఉంచండి, బైపాస్‌గా పనికొస్తుంది. డ్రైవ్ కాంటాక్టర్, బైపాస్ కాంటాక్టర్ రెండూ ఒకేసారి పడకుండా మెకానికల్ ఇంటర్‌లాక్ తప్పనిసరి. మోటారు దగ్గర పీఎఫ్ (పవర్ ఫ్యాక్టర్) కెపాసిటర్ ఉంటే డ్రైవ్ పెట్టేరోజే విప్పేయండి. డ్రైవ్ అవుట్‌పుట్ మీద కెపాసిటర్ ఉంటే డ్రైవ్ ట్రిప్ అవుతుంది, ఒక్కోసారి పేలుతుంది.

హార్మోనిక్స్ (డ్రైవ్‌ల వల్ల లైన్ కరెంటు వేవ్‌లో వచ్చే వంకరలు) అంటున్నారు, మాకు ఎంత బెంగ?

పెద్ద ప్లాంటులో ఒక్క 22 కిలోవాట్ల డ్రైవ్‌కు బెంగ అక్కర్లేదు. 3 శాతం లైన్ చోక్ పెట్టించండి, చాలు. పంపులు, ఫ్యాన్లు అన్నీ డ్రైవ్‌ల మీదికి వెళ్తుంటే మాత్రం ముందు కొలిపించండి, ఏపీఎఫ్‌సీ ప్యానెల్ (పవర్ ఫ్యాక్టర్‌ను దానంతటదే సర్దే ప్యానెల్) కెపాసిటర్లు వరసగా ఉబ్బిపోతుంటే అనుమానించాల్సింది దీన్నే.

## సెట్టింగుల దగ్గర

సెట్‌పాయింట్ ఎంత పెట్టాలి?

ప్రాసెస్ కూలింగ్ అయితే మీ యంత్రం ఇబ్బంది లేకుండా తట్టుకునే గరిష్ఠ ఉష్ణోగ్రత కంటే ఒక డిగ్రీ తక్కువ. 33 డిగ్రీలు తట్టుకుంటే 32 పెట్టి వదిలేయొచ్చు. చిల్లర్, అమ్మోనియా ప్లాంట్లకు ఒకే అంకె ఏడాదంతా పనికిరాదు. 24 పెడితే సెప్టెంబరు ఉక్కలో ఎప్పటికీ అందదు, ఫ్యాన్ రాత్రింబవళ్లు ఫుల్. 32 పెడితే చలికాలంలో కంప్రెసర్ కష్టపడుతుంది. వెట్ బల్బ్‌కు 4 లేదా 5 డిగ్రీలు కలిపి, దానికి ఒక కింది హద్దు పెట్టి, సెట్‌పాయింట్ దానంతటదే మారేలా చేయించండి. అంత ఆటోమేషన్ వద్దనుకుంటే వేసవికి ఒకటి, వానలకు ఒకటి, చలికాలానికి ఒకటి రాసుకుని చేత్తో మార్చుకున్నా చాలావరకు ఫలితం వస్తుంది.

దీనికి పీఎల్‌సీ (విడిగా వచ్చే కంట్రోల్ కంప్యూటర్) కొనాలా?

ఒక్క ఫ్యాన్‌కు అవసరం లేదు. ఈ రోజుల్లో దాదాపు ప్రతి డ్రైవ్‌లో పీఐడీ (కొలత చూసి స్పీడును దానంతటదే సర్దే కంట్రోల్) ఉంటుంది. పీటీ-100 సెన్సర్, 4–20 మిల్లీఆంప్ ట్రాన్స్‌మిటర్ ఉంటే నేరుగా తగిలించొచ్చు. సెన్సర్‌ను బేసిన్‌లో నీటి పైపొరలో వేలాడదీయకుండా, పంపు తర్వాత చల్లనీళ్ల పైపులో థర్మోవెల్‌లో పెట్టండి. సెన్సర్ వైరు తెగితే ఫ్యాన్ ఫుల్ స్పీడుకు వెళ్లేలా పారామీటర్ పెట్టడం మరవొద్దు.

నీళ్లు వేడెక్కేకొద్దీ ఫ్యాన్ నెమ్మదవుతోంది. డ్రైవ్ పాడైందా?

పాడవలేదు, పీఐడీ దిశ తిరగబడింది. డ్రైవ్‌లు ఎక్కువగా పంపు ప్రెషర్ పనికి తగ్గట్టు సెట్ అయి వస్తాయి: కొలత పెరిగితే స్పీడు తగ్గాలి అని. కూలింగ్‌కు దానికి వ్యతిరేకం కావాలి. ఆ పారామీటర్ ఒక్కటి మార్చండి. స్పీడు ఎక్కుతూ దిగుతూ ఊగుతుంటే పీఐడీలో ఇంటిగ్రల్ టైమ్ పెంచండి, సర్దుబాటు నెమ్మదవుతుంది. బేసిన్‌లోని నీళ్లు సెకన్లలో చల్లబడవు, నిమిషాలు పడుతుంది.

ఎండాకాలం 55 హెర్ట్జ్ పెట్టి నడపొచ్చా?

50 హెర్ట్జ్ అంటే ఫుల్ స్పీడు, 55 అంటే దానికి 10 శాతం పైన. 10 శాతం స్పీడు పెరిగితే పవర్ 33 శాతం పెరుగుతుంది. మోటారు, బ్లేడ్ హబ్, గేర్ బాక్స్ మూడూ దానికి ఒప్పుకోవాలి. 50 దగ్గర గరిష్ఠ హద్దు పెట్టి పాస్‌వర్డ్ వేసేయండి.

ఒక స్పీడు దగ్గర టవర్ మొత్తం వణుకుతోంది, దాటితే సర్దుకుంటోంది.

ఆ స్పీడులో ఫ్యాన్ కంపనం, టవర్ ఫ్రేమ్ సహజ కంపనం కలుస్తున్నాయి. డ్రైవ్‌లో స్కిప్ ఫ్రీక్వెన్సీ ఉంటుంది, అంటే ఫలానా స్పీడు దగ్గర ఆగకుండా దాటేయమని చెప్పే సెట్టింగు. కింది నుంచి పైదాకా నెమ్మదిగా పెంచుతూ, వణికే చోట్లు రాసుకుని, అటూఇటూ ఒకటి రెండు హెర్ట్జ్ కలిపి దాటించేయండి. అన్ని స్పీడుల్లోనూ వణుకుతుంటే అది బ్లేడ్ బ్యాలెన్స్ సంగతి.

మా టవర్‌లో నాలుగు సెల్స్ (ఒక్కో ఫ్యాన్‌తో నాలుగు గదులు) ఉన్నాయి. రెండు ఆపి రెండు ఫుల్‌గా నడపడం మేలా, నాలుగూ నెమ్మదిగానా?

నాలుగూ నెమ్మదిగా. రెండు ఫ్యాన్లు ఫుల్‌గా తోసే గాలిని నాలుగు ఫ్యాన్లు సగం స్పీడులో తోస్తాయి. కరెంటు ఒక్కో ఫ్యాన్‌కు ఎనిమిదో వంతు, నాలుగూ కలిపి అర ఫ్యాన్ అంత, రెండు ఫ్యాన్లతో పోలిస్తే నాలుగో వంతు. ఇంకో లాభం, ఫ్యాన్ ఆగిన సెల్‌లోంచి సరిగా చల్లబడని నీళ్లు బేసిన్‌లోకి దిగి మిగతావాటిని వేడి చేయడం ఉండదు. ఒక్కోదానికి ఒక్కో స్పీడు ఇవ్వకుండా అన్నిటికీ ఒకే రెఫరెన్స్ ఇవ్వండి.

గాలికి ఫ్యాన్ వెనక్కి తిరుగుతుంటుంది, స్టార్ట్ చేయగానే డ్రైవ్ ట్రిప్.

ఆగి ఉన్న ఫ్యాన్‌ను సముద్రపు గాలి, పక్క సెల్ ఫ్యాన్ తిప్పేస్తుంటాయి. ఫ్లయింగ్ స్టార్ట్ (తిరుగుతున్న మోటారును పట్టుకుని స్టార్ట్ చేసే సెట్టింగు) ఆన్ చేయండి, లేదా స్టార్ట్‌కు ముందు కొన్ని సెకన్లు డీసీ బ్రేక్ పెట్టండి. మాన్యువల్లో మంచు కరిగించడానికి ఫ్యాన్‌ను రివర్స్‌లో తిప్పే సెట్టింగు కూడా ఉంటుంది, మనకు ఆ పేజీతో పనిలేదు.

## నడుస్తున్నాక

ఆంపియర్లు సగానికి పడ్డాయి, బిల్లు మాత్రం అంత పడలేదేంటి?

డ్రైవ్ ఇన్‌పుట్‌లో పవర్ ఫ్యాక్టర్ మెరుగవుతుంది కనుక ఆంపియర్లు కిలోవాట్ల కంటే ఎక్కువగా తగ్గినట్టు కనిపిస్తాయి. ఏపీలో హెచ్‌టీ (హై టెన్షన్) బిల్లు కేవీఏహెచ్ మీద వస్తుంది, అంటే పవర్ ఫ్యాక్టర్ తగ్గితే యూనిట్లు పెరుగుతాయి, అయితే మీ ఏపీఎఫ్‌సీ ప్యానెల్ ముందే పీఎఫ్‌ను ఒకటి దగ్గర నిలబెట్టి ఉంటే ఆ లాభం కొత్తగా రాదు. అవుట్‌పుట్ వైపు మామూలు క్లాంప్ మీటర్ పెట్టి చూడొద్దు, తప్పు చూపుతుంది. డ్రైవ్ ఇన్‌పుట్‌లో ఒక ఎనర్జీ మీటర్ బిగించండి. పోలిక కూడా మే నెలకూ జనవరికీ కాదు, వెట్ బల్బ్, లోడు ఒకేలా ఉన్న రోజుల మధ్య చేయాలి.

ఫ్యాన్ నెమ్మదిస్తే నీళ్లూ మిగులుతాయా?

తుంపరగా ఎగిరిపోయేది కొంచెం తగ్గుతుంది. ఆవిరయ్యేది దాదాపు అంతే, ఎందుకంటే ప్రాసెస్ నుంచి తీసేయాల్సిన వేడి మారలేదు. గంటకు 100 ఘనపు మీటర్లు తిరుగుతూ 5 డిగ్రీలు చల్లబడే టవర్‌లో గంటకు ముప్పావు ఘనపు మీటరు ఆవిరవుతుంది, ఫ్యాన్ స్పీడు ఏదైనా. నీళ్లు మిగలాలంటే బ్లోడౌన్ (ఉప్పు పేరుకోకుండా బేసిన్ నుంచి బయటికి వదిలే నీళ్లు) దగ్గర చూడాలి.

మొదటి ఏడు బాగా మిగిలింది. ఇప్పుడు ఫ్యాన్ మళ్లీ ఎప్పుడూ ఫుల్‌లోనే ఉంటోంది.

డ్రైవ్‌ను తిట్టకుండా ఫిల్స్ విప్పి చూడండి. తీరంలో బోరు నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉంటాయి. బ్లోడౌన్ తగ్గించి ట్రీట్‌మెంట్ అశ్రద్ధ చేస్తే ఫిల్స్ మీద తెల్లని పొర కట్టి గాలి దారి మూసుకుపోతుంది. చల్లదనం తగ్గినదాన్ని స్పీడు పెంచి డ్రైవ్ కప్పిపుచ్చుతుంది కాబట్టి మీకు ఆలస్యంగా తెలుస్తుంది. ప్రతి వారం ఒకే గంటకు వెట్ బల్బ్, చల్లనీళ్ల ఉష్ణోగ్రత, ఫ్యాన్ హెర్ట్జ్ మూడూ రాసిపెట్టుకుంటే ఆరు నెలల ముందే కనబడుతుంది.

పంపుకు కూడా డ్రైవ్ పెట్టేస్తే?

పెట్టొచ్చు, కానీ నీటి ప్రవాహం మరీ తగ్గితే నాజిల్స్ సరిగా విచ్చుకోవు, ఫిల్స్‌లో ఎండిన చోట్లు పడి పొర కడుతుంది. టవర్ తయారీదారు చెప్పిన కనీస ప్రవాహం కిందికి దించొద్దు.

ఆపరేటర్లు ఆటో తీసేసి మాన్యువల్‌లో 50 హెర్ట్జ్ పెట్టి వదిలేస్తున్నారు. ఏం చేయాలి?

ముందు ఎందుకు చేస్తున్నారో అడగండి. ఎక్కువసార్లు కారణం ఒకటే: ఏదో రాత్రి షిఫ్టులో నీళ్లు వేడెక్కి అలారం వచ్చింది, సూపర్‌వైజర్ చీవాట్లు పెట్టాడు, ఆ రోజు నుంచి ఆటో అంటే నమ్మకం పోయింది. బ్యాచ్ మొదలైనప్పుడు లోడు ఒక్కసారిగా పెరిగే ప్లాంట్లలో ఇది మామూలే. కనీస స్పీడు కొంచెం పెంచి, ర్యాంప్ టైమ్ తగ్గించి, అలారం హద్దుకూ సెట్‌పాయింట్‌కూ మధ్య రెండు మూడు డిగ్రీలు ఖాళీ ఉంచండి. మాన్యువల్‌లో పెట్టిన రెండు గంటలకు దానంతటదే ఆటోలోకి వచ్చేలా టైమర్ పెట్టే వీలుంటే అదీ చేయించండి. ఆ తర్వాత షిఫ్టు వారీగా డ్రైవ్ మీటర్ రీడింగ్ బోర్డు మీద రాయించండి.